జట్టులో సుద్దముక్క ఎవరి చేతిలో ఉంది?

ఆడపిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు మన చర్చ చాలాసార్లు బడి గేటు దగ్గరే ఆగిపోతుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, మరుగుదొడ్డి ఉందా, నీళ్ళొస్తున్నాయా, హైస్కూలు ఎంత దూరం? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. వీటికోసం స్త్రీల సంఘాలు దశాబ్దాలుగా పోరాడుతూనే ఉన్నాయి. ఐతే గేటు దాటి లోపలికెళ్ళిన పిల్లకు తరగతి గదిలో ఏం జరుగుతోందన్న ప్రశ్నను విద్యాశాఖకూ శిక్షణ సంస్థలకూ వదిలేయడం మనకు అలవాటైపోయింది. అది బోధనా పద్ధతుల వ్యవహారమట, హక్కుల వ్యవహారం కాదట!

ఈ విభజనను నేను ఒప్పుకోలేను. తరగతిలో ఎవరు మాట్లాడతారు, ఎవరు వింటారు, ఎవరి జవాబు బోర్డు మీదికెక్కుతుంది అన్నవి అధికార సంబంధాలకు చెందిన ప్రశ్నలు. వీటిని అందరికంటే దగ్గరగా చూసే అవకాశం అక్కడ రోజూ నిలబడే టీచరుకే ఉంది. ఆమె తన తరగతిని తానే పరిశోధించుకోవడాన్ని ఆమె ఉత్సాహానికో తీరికకో వదిలేయకుండా ఒక హక్కుగా అడగాలని నా వాదన. ఇప్పుడు అన్ని శిక్షణల్లోనూ వినిపిస్తున్న 'సహకార అభ్యసనం', అంటే పిల్లలు జట్లుగా కూర్చుని ఒకరి సాయంతో ఒకరు నేర్చుకోవడాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ మాట చెబుతాను.

ఉప్పల్ చౌరస్తా నుంచి వరంగల్ రోడ్డు మీద బోడుప్పల్, మేడిపల్లి దాటి నారపల్లి దాకా వస్తే దారి పొడుగునా బడులే. అటు నాచారం వైపు వెళ్ళినా అంతే. ప్రభుత్వ బడుల్లో కనబడేది ఎక్కువగా కష్టజీవుల పిల్లలు. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్ళ పిల్లలు, అపార్టుమెంట్ల దగ్గర వాచ్‌మన్ గదుల్లో ఉండేవాళ్ళ పిల్లలు, పాలమూరు నుంచీ ఒడిశా నుంచీ కట్టడం పనులకు వచ్చినవాళ్ళ పిల్లలు. ఒకే గదిలో తెలుగు, ఉర్దూ, లంబాడీ, ఒడియా వినిపిస్తాయి. ఇలాంటి గదిలో పిల్లలు ఒకరినుంచి ఒకరు నేర్చుకోగలిగితే అంతకంటే కావలసిందేముంది? సహకార అభ్యసనం ఎక్కడైనా అవసరమంటే అది ముందు ఇక్కడే.

ఈ దారిలోని బడుల్లో వెనక బెంచీ మీద కూర్చుని నేను మళ్ళీ మళ్ళీ చూసిన దృశ్యం ఒకటుంది. టీచరు పిల్లల్ని ఐదుగురూ ఆరుగురూ చొప్పున జట్లు చేస్తుంది. ఒక్కో జట్టుకు ఒక చార్టు, రెండు స్కెచ్ పెన్నులు. 'మన ఊరి నీటి వనరులు' లాంటి అంశం. గడగడా మాట్లాడే పిల్లాడొకడు పెత్తనం తీసుకుంటాడు. చేతిరాత బాగుండే అమ్మాయి అతను చెప్పింది రాస్తుంది. ఇంకో అమ్మాయి స్కేలు పట్టుకుని మార్జిన్లు గీస్తుంది, గమ్ము ఎక్కడుందో కత్తెర ఎక్కడుందో చూసుకుంటుంది. తెలుగు ఇంకా సరిగా రాని పిల్లవాడు జట్టు అంచున మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటాడు. ముందుకొచ్చి చెప్పమనేసరికి 'లీడర్' లేస్తాడు. అంతా అయ్యాక కింద పడ్డ కాగితపు ముక్కలు ఎవరూ చెప్పకుండానే అమ్మాయిలు ఏరతారు. చార్టు గోడకెక్కుతుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకుంటారు.

ఇక్కడ సహకారం జరగలేదని ఎవరూ అనలేరు. అందరూ సహకరించారు. ఐతే ఎవరికి ఎవరు సహకరించారు? ఆ జట్టులో జరిగింది మన ఇళ్ళలో రోజూ జరిగే శ్రమ విభజనే. ఆలోచన ఒకరిది, చాకిరీ ఇంకొకరిది, పేరు మొదటివాళ్ళది. మన సమాజంలో ఆడవాళ్ళకు 'సహకరించు' అని చెప్పినప్పుడల్లా దాని అర్థం 'సర్దుకుపో' అనే. ఆ అర్థాన్ని బడి కూడా మోస్తూ ఉంటే, వరసల్లో కూర్చోబెట్టినా గుండ్రంగా కూర్చోబెట్టినా పెద్ద తేడా ఏముంటుంది?

సహకార అభ్యసనం పుట్టిన చోట దాని ఉద్దేశం ఇది కాదు. 1971లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో అప్పుడప్పుడే జాతుల వేర్పాటు తొలగించి నల్లజాతి పిల్లల్నీ, మెక్సికన్ కుటుంబాల పిల్లల్నీ, తెల్లపిల్లల్నీ ఒకే బడిలో కూర్చోబెట్టారు. గదులు కలిశాయి గానీ మనసులు కలవలేదు, కొట్లాటలు మొదలయ్యాయి. ఎలియట్ ఆరన్సన్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి ఒక పద్ధతి తయారుచేశాడు. పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఒకే ముక్క వచ్చిన పిల్లలు వేరువేరు జట్లనుంచి వచ్చి కలుసుకుని, దాన్ని బాగా అర్థం చేసుకుని, తిరిగి తమ జట్లకు వెళ్ళి మిగతావాళ్ళకు నేర్పుతారు. వెక్కిరించే పిల్ల దగ్గరే తనకు కావలసిన ముక్క ఉన్నప్పుడు ఆమె మాట వినక తప్పదు. దీనికి 'జిగ్సా' అని పేరు. అంటే సహకార అభ్యసనం మొదటినుంచీ వివక్షతో తలపడటానికి పుట్టిన పద్ధతి. చార్టుల అలంకరణ తర్వాత వచ్చి చేరింది.

జట్టు కట్టినంత మాత్రాన సమానత్వం రాదన్న విషయాన్ని సమాజశాస్త్రం వైపు నుంచి చూపించింది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ కోహెన్. 1986లో వచ్చిన ఆమె పుస్తకం 'డిజైనింగ్ గ్రూప్‌వర్క్' సారాంశం ఇది. పిల్లలు జట్టులోకి ఖాళీగా రారు, బయటి సమాజంలో తమకున్న హోదాను వెంటబెట్టుకుని వస్తారు. హోదా ఉన్నవాళ్ళు ఎక్కువ మాట్లాడతారు, ఎక్కువ మాట్లాడినవాళ్ళు ఎక్కువ నేర్చుకుంటారు. దాంతో అంతరం పెరుగుతుంది. టీచరు జోక్యం చేసుకోకపోతే జట్టు పని అసమానతను ఇంకా పెంచుతుంది. మన దగ్గర ఈ హోదాకు కులం, మతం, భాష, ఆడా మగా తేడా, ట్యూషనుకు వెళ్ళగలిగిన తాహతు అన్నీ కలుస్తాయి. వీటిలో ఏది ఏ తరగతిలో ఎలా పనిచేస్తోందో స్టాన్‌ఫర్డ్ చెప్పలేదు, హైదరాబాదులో కూర్చున్న నాలాంటి పరిశోధకులూ చెప్పలేరు. ఆ తరగతి టీచరే చూసి చెప్పాలి.

పిల్లలు పిల్లలకు నేర్పడం మనకు కొత్తేమీ కాదు. వీధిబడుల్లో పెద్దపిల్లలు చిన్నపిల్లలకు ఇసుకలో అక్షరాలు దిద్దబెట్టేవాళ్ళు. 1790ల్లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ ఇలాంటి బడిని చూసి, ఆ పద్ధతిని అనుసరించి, 1797లో దాని గురించి లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. అది ఇంగ్లండులో 'మద్రాసు పద్ధతి'గా వ్యాపించింది. ఐతే అందులో ఉన్నది ఆజ్ఞల గొలుసు. గురువు కింద పెద్దపిల్లవాడు, అతని కింద చిన్నపిల్లవాడు. మన తరగతుల్లో మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే 'లీడర్' ఆ గొలుసులో చివరి కొక్కెమే. పైగా ఆ వీధిబడుల్లో ఆడపిల్లలు ఎంతమంది? 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో మొదలుపెట్టించిన విచారణలో వాళ్ళు నామమాత్రంగానే కనబడతారు. 'మన సంప్రదాయంలో ఇదంతా ఉండేది' అని సంతోషపడేముందు ఎవరికి ఉండేదని అడగాలి.

మన స్త్రీలకు నిజంగా గర్వకారణమైన వారసత్వం ఇంకొకటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కేంద్రాల్లో ఆడవాళ్ళు రాత్రిపూట గుండ్రంగా కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. వాచకంలోని పాఠాన్ని తమ బతుకుతో పోల్చి చూసుకున్నారు. సారా ఎవరి కూలిని తాగేస్తోందో లెక్క వేసుకున్నారు. దూబగుంటలో రాజుకున్న ఆ నిప్పు 1992లో సారా వ్యతిరేక ఉద్యమమైంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరం నేర్చుకోవడం, తమ పరిస్థితిని తామే పరిశోధించుకోవడం, దాన్ని మార్చడం ఆ వలయంలో వేరువేరు పనులుగా లేవు. సహకార అభ్యసనానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మరి బడులకు ఈ పద్ధతి ఎలా వచ్చింది? అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో మొదలైన ప్రాథమిక విద్యా పథకాన్ని పాతతరం టీచర్లు 'ఆపెప్' అనే గుర్తుచేసుకుంటారు. 1989 నుంచి అది రాష్ట్రమంతటికీ విస్తరించింది, 1996లో ముగిసింది. దాని ఆరు సూత్రాల్లో ఒకటి వ్యక్తిగతంగా, జట్టుగా, తరగతి మొత్తంగా పనిచేయించడం. టీచర్లు కలిసి మాట్లాడుకునే ఉపాధ్యాయ కేంద్రాలు కూడా దానితోనే వచ్చాయి. అది చేసిన మేలును తక్కువ చేయలేం. కానీ సూత్రాలు పైనుంచి కిందికి దిగాయి, టీచరు అమలు చేసే మనిషిగా మిగిలింది. ఆ పథకాన్ని మూల్యాంకనం చేసినవాళ్ళలో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులున్నారు. మన తరగతి గదిలో ఏం జరిగిందో ప్రపంచానికి చెప్పిన గొంతులు అవి. ఆ గదిలో ముప్పై ఏళ్ళు నిలబడి రిటైరైన టీచరమ్మ గొంతు ఆ కాగితాల్లో ఎక్కడ?

టీచరు అనుభవం నుంచే పద్ధతి పుట్టగలదనడానికి మన దగ్గరే రుజువుంది. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపింది. ఒకే గదిలో ఐదు తరగతులు, ఒక్కరే టీచరు. ఆ ఇబ్బందిలోంచే పాఠాలను కార్డులుగా విడగొట్టి, ఒక నిచ్చెనలా పేర్చి, కొందరు టీచరుతో, కొందరు తోటిపిల్లలతో, కొందరు ఒంటరిగా పనిచేసే ఏర్పాటు తయారైంది. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన మార్పుకు అదే మూలం. ఐతే అక్కడ కూడా, పద్ధతి పెద్ద వ్యవస్థలోకి వెళ్ళేకొద్దీ కార్డులు మాత్రమే ప్రయాణం చేశాయి. వాటిని పుట్టించిన వెతుకులాట చేరాల్సిన చోటికి చేరలేదని నా అభిప్రాయం.

ఇంతకీ టీచరు తన తరగతిని పరిశోధించడమంటే ఏం చేయాలి? పెద్ద ప్రశ్నావళులు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోసారి ఒక్కటే జట్టు. పది నిమిషాలపాటు చూడాల్సినవి కొన్నే. ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారు? ఎవరి మాటను మధ్యలో తుంచేశారు? పెన్ను ఎవరి చేతిలో ఉంది, ఆ పెన్ను రాసిన మాట ఎవరిది? సామాన్లు తెచ్చిందెవరు, శుభ్రం చేసిందెవరు? చివరికి జట్టు జవాబుగా నిలిచింది ఎవరి జవాబు? ఇలా కొన్ని వారాలు రాస్తే ఊహలు పక్కకు తప్పుకుని ఒక నమూనా కనబడుతుంది.

తర్వాత ఒక్క విషయం మార్చాలి. రాసేవాళ్ళూ చెప్పేవాళ్ళూ వంతులవారీగా మారాలని నియమం పెట్టవచ్చు. జిగ్సాలాగా ప్రతి ఒక్కరి దగ్గరా ఇంకొకరికి అవసరమైన ముక్క ఉండేలా చేయవచ్చు. అంచున కూర్చున్న పిల్ల చేసిన ఒక మంచి పనిని, అదేమిటో విడమరిచి, అందరిముందూ చెప్పవచ్చు. హోదాను తలకిందులు చేయడానికి కోహెన్ సూచించిన మార్గాల్లో ఇదొకటి. ఊరికే 'గుడ్' అంటే చాలదు. 'బావి లోతును గజాల్లో కొలిచి చెప్పింది ఈమె ఒక్కతే' అనాలి. మార్చాక మళ్ళీ పది నిమిషాలు చూడాలి, మళ్ళీ రాయాలి. పిల్లల్నీ అడగాలి. జట్టులో నీకు ఏ పని ఇష్టం, ఏ పని ఎప్పుడూ నీకే వస్తోంది అని ఎనిమిదేళ్ళ పిల్లను అడిగినా స్పష్టంగానే చెబుతుంది. బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం పిల్లలకు తమ అభిప్రాయం చెప్పే హక్కునిచ్చింది. భారతదేశం 1992లో దాన్ని అంగీకరించింది.

ఇందులో జాగ్రత్తలూ ఉన్నాయి. మార్కులు వేసే మనిషే పరిశోధిస్తున్నప్పుడు పిల్లలు కాదనలేరు. అందుకని నోటుపుస్తకంలో ఉన్నది మార్కులకు ముడిపడకూడదు. పిల్లల పేర్లు బయటికి రాకూడదు. కులాన్ని గమనించడం వేరు, తరగతిలో కులం పేరుతో పిల్లను గుర్తించడం వేరు. జట్టులో మాటల మధ్య ఏ పిల్లైనా ఇంట్లో హింస గురించి చెబితే ఆ క్షణం నుంచి అది పరిశోధన విషయం కాదు, ఆ పిల్ల రక్షణ విషయం.

అభ్యంతరాలు తెలియనివి కావు. తన తరగతిని తానే పరిశోధిస్తే నిష్పాక్షికత ఎక్కడుంటుందని విశ్వవిద్యాలయాల్లో అడుగుతారు. ఈ ప్రశ్నను స్త్రీవాద పరిశోధకులుగా మనం ఎన్నిసార్లు ఎదుర్కోలేదు? తన జీవితం గురించి తాను మాట్లాడే స్త్రీది 'అనుభవం', దాని గురించి రాసే బయటి మనిషిది 'జ్ఞానం' అనే వర్గీకరణనే కదా మనం ప్రశ్నించింది! లోపలి మనిషికి కనబడనివి ఉంటాయి, నిజమే. దానికి మందు ఇంకో టీచరును పిలిచి అదే జట్టును చూడమనడం, ఇద్దరి రాతలనూ పక్కపక్కన పెట్టుకోవడం. బయటి పరిశోధకులకు కనబడనివీ ఉంటాయి. వాళ్ళనెవరూ ఆ ప్రశ్న అడగరు.

గోల ఎక్కువవుతుందనీ, సిలబస్ పూర్తికాదనీ, చురుకైన పిల్లలు వెనకబడతారనీ తల్లిదండ్రులు భయపడతారు. ఫీజు కట్టి చదివించే తల్లి భయాన్ని కొట్టిపారేయలేం. ఐతే ఇంకొకరికి విడమరిచి చెప్పేటప్పుడు చెప్పే పిల్లకూ పాఠం గట్టిపడుతుంది. జట్టుకు మెప్పు రావాలంటే జట్టులో ప్రతి ఒక్కరూ నేర్చుకుని ఉండాలన్న నియమం పెడితే ఒకరి కష్టం మీద ఇంకొకరు గడిపేయడం కుదరదు. ఒకరి మీద ఒకరు ఆధారపడటం, ఎవరి చదువుకు వాళ్ళు జవాబుదారీ కావడం, ఈ రెండూ లేని జట్టుపనిని సహకార అభ్యసనమని అనకూడదు.

అన్నింటికంటే బరువైన అభ్యంతరం టీచర్లదే. ఉప్పల్‌లో బస్సు పట్టుకుని నారపల్లి చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. బడిలో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో నింపాల్సిన వివరాలు. ఇంటికెళ్ళాక వంట, పిల్లలు, అత్తమామలు. దీని మీద పరిశోధన కూడానా అని అడిగితే ఆ ప్రశ్న పూర్తిగా న్యాయమైంది. ప్రైవేటు బడుల్లో తక్కువ జీతానికి ఊపిరాడని పీరియడ్లతో పనిచేసే అమ్మాయిల సంగతి ఇంకా అన్యాయం. అందుకే నేను దీన్ని ఆదర్శ ఉపాధ్యాయుల త్యాగంగా చూడొద్దంటున్నాను. స్త్రీలనుంచి త్యాగం రూపంలో పిండుకున్న శ్రమ ఇప్పటికే చాలు.

చట్టం మనవైపు ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలనీ, భయం లేకుండా తమ అభిప్రాయాలు చెప్పగలగాలనీ అంటుంది. టీచర్లను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప విద్యేతర పనులకు వాడకూడదని 27వ సెక్షన్ అంటుంది. చట్టం షెడ్యూలులో టీచరుకు వారానికి 45 గంటల పని ఉంది. ఆ 45లో పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా కలిసే ఉందని అక్కడే రాసి ఉంది. ఆ సమయం ఎటుపోతోందో లెక్క అడగడం మనందరి పని.

స్త్రీల సంఘాలుగా మనం అడగవలసినవి ఇవి. ఆ 45 గంటల్లోనే వారానికి కనీసం ఒక పీరియడు టీచరు తన తరగతి గురించి రాసుకోవడానికి కేటాయించాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పైనుంచి వచ్చిన సర్క్యులర్లు చదవడంతో సరిపెట్టకుండా టీచర్ల నోటుపుస్తకాలు చదివి చర్చించే సమయం ఉండాలి. ప్రైవేటు బడుల టీచర్లకు కూడా అక్కడ చోటుండాలి. రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ వాళ్ళ రాతలను వాళ్ళ పేర్లతోనే అచ్చువేయాలి. ఈ నోటుపుస్తకాన్ని టీచరు పనితీరుకు మార్కులు వేసే సాధనంగా ఎవరూ వాడకూడదు. అలా వాడిన మర్నాడే అందరి పుస్తకాల్లోనూ అన్ని జట్లూ చక్కగా సహకరిస్తూ కనబడతాయి! బి.ఇడి.లో చర్యాత్మక పరిశోధన పేరుతో మార్కుల కోసం రాసి కట్టలు కట్టి పడేసే రికార్డుల గతే దీనికీ పడుతుంది.

మన సంఘాల్లో టీచర్లు చాలామంది ఉన్నారు. వచ్చే టర్ములో వాళ్ళలో ఇద్దరు ఒకరి తరగతిలో ఒకరు కూర్చుని, ఒక్క జట్టును పది నిమిషాలు చూసి, ఎవరి మాట నిలిచిందో ఎవరి మాట రాలిపోయిందో రాయగలిగితే చాలు, పని మొదలవుతుంది. ఆ రాతలకు ఈ పత్రికలో చోటివ్వాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. ఆ రాతల కింద ఆ టీచర్ల పేర్లే ఉండాలి. నాలాంటి పరిశోధకుల పేర్లు అక్కడ అక్కరలేదు.